రాని అక్షరం

లిస్ప్ యంత్రాలు, అంటే లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నడిచే కంప్యూటర్లు, తయారుచేసిన రోజుల గురించి నన్ను ఎవరు కదిపినా మా కంపెనీ పెట్టిన ఎవరెట్ స్ప్రౌల్ గురించే అడుగుతారు. ఆయన ఎలా ఆలోచించేవాడు, బల్ల మీద ఏం గీసేవాడు, ఆఫీసంతా చెప్పుల్లేకుండా తిరిగేవాడట, నిజమేనా? నిజమే, తిరిగేవాడు. ఆ పాదాలు చూసి చూసి మాకే విసుగొచ్చేది. లొరైన్ గొడెట్ గురించి మాత్రం ఒక్కడూ అడగడు. అలా అడగనివాళ్ల మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. ఆమె పేరు ఎక్కడా లేకుండా పోవడంలో నా చెయ్యి కూడా ఉంది. అందుకే ఎవరూ అడక్కపోయినా చెబుతున్నాను.

లొరైన్‌ది లోవెల్ అనే మిల్లుల ఊరు. వాళ్లమ్మ అక్కడి బట్టల మిల్లులో ముప్పై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడి చెవుడు తెచ్చుకున్న మనిషి. ఇంట్లో ఫ్రెంచి, బడిలో ఇంగ్లీషు. స్కూలవగానే షార్ట్‌హ్యాండ్, టైపు నేర్చుకుని ఒక లాయరు దగ్గర పదేళ్లు డిక్టేషన్ తీసుకుంది. 1980లో అక్కడికి దగ్గర్లోని కేంబ్రిడ్జ్‌లో మా కంపెనీ పెట్టిన ఆర్నెల్లకు సెక్రటరీగా చేరింది. మా పక్కనే మిఠాయిల ఫ్యాక్టరీ. వాళ్లు పిప్పర్‌మెంట్లు చేసే రోజున మా చొక్కాలన్నీ అదే వాసన. మధ్యాహ్నం మేమంతా గుంపుగా చైనా హోటలుకు పోతే లొరైన్ తన బల్ల దగ్గరే కూర్చుని, వాళ్లమ్మ చేసిచ్చిన పంది మాంసం ముద్ద రొట్టెకు రాసుకుని తినేది. రమ్మని మేమూ గట్టిగా పిలిచింది లేదు.

ఆమె లిస్ప్ నేర్చుకోవడం మా వాళ్లకు మాత్రమే చేతనైన పొరపాటు వల్ల జరిగింది. ఉత్తరాలు టైపు చెయ్యడానికి మా కంప్యూటర్లలో ఉన్న ఎడిటర్ ప్రోగ్రామ్ కూడా లిస్ప్‌లోనే రాసింది. దాన్ని ఎలా వాడాలో సెక్రటరీల కోసం ఒక చిన్న పుస్తకం వేశాం. ప్రోగ్రామింగ్ అనే మాట చూస్తే వాళ్లు బెదిరిపోతారని, ఆ మాట ఎక్కడా రాకుండా ‘సొంత ఏర్పాట్లు’ అని రాశాం. పుస్తకం చివరికొచ్చేసరికి అందులో ఉన్నదంతా ప్రోగ్రామింగే. ఆ సంగతి రాసినవాడికీ తట్టలేదు, చదివినవాళ్లకూ తట్టలేదు.

ఒకరోజు ఉత్తరం ఇవ్వడానికి వెళ్లి ఆమె తెర మీదికి చూసి ఆగిపోయాను.

“ఇది నీకెవరు రాసిచ్చారు?”

“ఏది?”

“ఈ ప్రోగ్రామ్.”

“ప్రోగ్రామా? ఇదా? రెండు మీటింగులు ఒకే టైముకు పడితే గంట కొట్టమని చెప్పుకున్నానంతే. పుస్తకంలో దీన్ని సొంత ఏర్పాటు అన్నారే!”

“ఏర్పాటేంటి తల్లీ, ప్రోగ్రామర్లు రాసే మ్యాక్రో రాశావు నువ్వు.”

“పొద్దున్నే వచ్చి తిట్టకు అరా. పనుంటే చెప్పు, లేకపోతే నీ గదికి పో.”

తను చేసేది ప్రోగ్రామింగ్ అని తెలిశాక ఆమె ఊరుకోలేదు. మెట్ల పక్క గోడకు ఒక పట్టిక ఉండేది. మా వ్యవస్థలో, అంటే మా యంత్రాల్ని నడిపే ప్రోగ్రాముల్లో, ఏ భాగానికి ఎవరు బాధ్యులో అందులో ఉంటుంది. మా దగ్గర హోదా అంటే ఆ పట్టికలో పేరుండడమే. అందులోకి ఎక్కాలంటే మీరు రాసింది వ్యవస్థలో చేరాలి. చేరాలంటే ఇంకొకరు దాన్ని చదివి సంతకం పెట్టాలి. చదవనిది గడప దాటకూడదని ఎవరెట్ పెట్టిన నియమం. మంచి నియమమే, ఇప్పటికీ కాదనను. లొరైన్ ఐదేళ్లు అడిగింది. ఐదేళ్లూ “తర్వాత చూద్దాం” అన్నారు. ఆ ‘తర్వాత’ అనేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

1986 వేసవికి ముందు ఒక ఆస్పత్రి పని వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు. పాలు ఎంత పట్టాలి, మందు ఎంత వెయ్యాలి అని సలహా చెప్పే ప్రోగ్రామ్ మావాళ్లు రాశారు. దానికి పిల్లల బరువు తూకం యంత్రం నుంచి నేరుగా రావాలి. అందరికీ సలహా చెప్పే భాగం కావాలి, తూకం యంత్రంతో మాట్లాడే వెట్టి పని ఎవరికీ అక్కర్లేదు. అప్పుడు ఎవరెట్‌కు లొరైన్ గుర్తొచ్చింది.

“ఇది చేసెయ్, లొరైన్. జూన్ పట్టికలో నీ పేరుంటుంది. అరా చదివి సంతకం పెడతాడు” అన్నాడు.

ఆమె మొహం వెలిగింది. ఆ సాయంత్రం వాళ్లమ్మకు ఫోన్ చేసి ఫ్రెంచిలో అరిచి అరిచి చెప్పింది. చెవుడు కదా, ఆఫీసంతటికీ వినబడింది.

పని ఏమిటో చెబుతాను, కష్టమేం కాదు. లిస్ప్‌లో అంకెనైనా, పేరునైనా, ఎంత పెద్ద జాబితానైనా చదివిపెట్టే ఫంక్షన్, అంటే ఒక ప్రోగ్రామ్ ముక్క, ఒకటి ఉంటుంది. మా దగ్గర దాని యజమానిని నేనే, కంపెనీ పుట్టకముందే రాశాను. అది ఏ పరికరంతోనూ నేరుగా మాట్లాడదు. మధ్యలో అక్షరాలు అందించే స్ట్రీమ్ ఒకటి ఉండాలి. ఫైలుకు ఒకటి, కీబోర్డుకు ఒకటి ఉన్నాయి. కొత్త పరికరం వస్తే దాని స్ట్రీమ్ మనమే రాసుకోవాలి. నా ఫంక్షన్ ‘ఒక అక్షరం ఇవ్వు’ అంటే ఇవ్వాలి. ‘ఇది నాకొద్దు, నీ దగ్గరే ఉంచు’ అంటే వెనక్కి తీసుకుని, మళ్లీ అడిగినప్పుడు దాన్నే ఇవ్వాలి. ఈ రెండు మర్యాదలు తెలిస్తే చాలు, అది స్ట్రీమ్ అయిపోతుంది.

లొరైన్ రెండు రోజుల్లో రాసింది. తూకాలు ఒక ఫైలులో పెట్టి పరీక్షించాం. చక్కగా చదివింది. మా పెట్టెను ఆస్పత్రిలో పక్క గదిలో పెట్టి, తెర వార్డులో పెట్టాం. మొదటి పసిగుడ్డును తూకం మీద ఉంచి నర్సు మీట నొక్కింది. తెర మీద ఉలుకూ పలుకూ లేదు. రెండో పిల్లను పెట్టి నొక్కగానే ఒక అంకె వచ్చింది. అది మొదటి పిల్లాడి బరువు. మూడో పిల్ల దగ్గర రెండో పిల్ల బరువు వచ్చింది.

ఆ నర్సు పేరు పెర్పెటువా ఫుర్తాదో. ఇరవై ఏళ్లుగా ఆ వార్డు ఆమె మాట మీదే నడుస్తోంది. బరువులన్నీ చేత్తో కూడా రాసుకుంటుంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఫోనులో నా చెవులు చిల్లులు పడేలా అరిచింది.

“ఏమయ్యా, మీ పెట్టెకు కళ్లున్నాయా? ఒకరి బరువు ఇంకొకరికి రాస్తోంది! నా పిల్లలు కొబ్బరికాయంత కూడా ఉండరు. ఇరవై గ్రాముల తేడా అంటే నాకు ప్రాణం పోయినంత పనవుతుంది. మే నెలాఖరు దాకా టైమిస్తున్నా. ఆలోపు బాగుపడకపోతే మీ సామాను వరండాలో ఉంటుంది, వచ్చి మోసుకుపోండి.”

చేతిలో మూడు వారాలున్నాయి. నేను చేసిన ఘనకార్యం చూడండి. లొరైన్ స్ట్రీమ్‌లో తప్పుందని తేల్చేశాను. “నా ఫంక్షన్ పదకొండేళ్లుగా నడుస్తోంది. నువ్వు రాసింది పదకొండు రోజులది. తప్పు ఎక్కడుంటుందో నువ్వే చెప్పు” అన్నాను. అక్షరాలు దాచుకునే చోటు చిన్నదైందేమో, పెద్దది చెయ్యమన్నాను. చేసింది. వెనక్కి తీసుకునే భాగం మొదటినుంచీ రాయమన్నాను. రాసింది. ఒకసారి మొత్తం చెరిపేసి నేను చెప్పినట్టు రాయమన్నాను. అదీ రాసింది. మూడుసార్లూ ఒక పిల్లాడి బరువు ఇంకొకరి దగ్గరే వచ్చింది. పోనీ వార్డుకు వెళ్లి ఒక్కసారి కళ్లారా చూశానా అంటే, లేదు. అక్కడికి రైలులో పావుగంట. నేను నా గదిలో కూర్చుని, నా ఫంక్షన్ ఎంత గొప్పదో నాకే చెప్పుకున్నాను. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

లొరైన్ వెళ్లింది. ఆరు రోజులు పొద్దున పూట వార్డులో తూకం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఒక్కో అక్షరం ఎప్పుడొచ్చిందో టైముతో సహా నమోదు చేసే చిన్న ప్రోగ్రామ్ రాసుకుంది. నూట ముప్పై తూకాలు, వాటి పక్కన షార్ట్‌హ్యాండ్‌లో నోట్సు. ఏడో రోజు నా గదిలోకి వచ్చి తలుపు వేసింది.

“అరా, నీ ఫంక్షన్ అంకె అయిపోయిందని ఎట్లా తెలుసుకుంటుంది?”

“అంకె కానిది ఏదైనా వస్తే తెలుసుకుంటుంది. ఖాళీయో, కొత్త లైనో. లేకపోతే ఒకటి, ఎనిమిది, నాలుగు తర్వాత సున్నా వస్తుందో రాదో దానికెట్లా తెలుస్తుంది?”

“మరి ఏదీ రాకపోతే?”

“వచ్చేదాకా కూర్చుంటుంది.”

“అదే కూర్చుంటోంది. ఆ తూకం యంత్రం కాగితం మీద అచ్చు వెయ్యడానికి చేసింది. మీట నొక్కగానే ముందు కాగితాన్ని ఒక లైను జరుపుతుంది, తర్వాత అంకెలు కొడుతుంది. అంకెల తర్వాత ఇంకేమీ పంపదు. కొత్త లైను వచ్చేది తర్వాతి పిల్లకు మీట నొక్కినప్పుడే. అప్పటిదాకా నీ ఫంక్షన్ పద్దెనిమిది వందల నలభై పట్టుకుని వాకిట్లో కూర్చునుంటోంది.”

ఫైలులో ఎందుకు పనిచేసిందో అప్పుడు వెలిగింది. ఫైలు అయిపోతే అయిపోయిందని తెలుస్తుంది. తూకం యంత్రం నుంచి వచ్చే తీగకు ఆ సౌకర్యం లేదు. పదకొండేళ్ల అనుభవం ఉన్న నాకు ఈ ముక్క మొదటి రోజే తట్టాలి. తట్టలేదు. ఆ రెండు వారాల్లో ఆమెతో చేయించిన చాకిరీకి కనీసం తప్పైపోయిందని కూడా అనలేదు. “సరే, ఏం చేద్దాం?” అన్నాను, ఏమీ జరగనట్టు.

ఆమె అప్పటికే చేసేసింది. చేతిలో కాగితాలున్నాయి. అంకె తర్వాత అరసెకను పాటు తీగ మీద ఏమీ రాకపోతే, స్ట్రీమే తన తరఫున ఒక ఖాళీ అక్షరం ఇస్తుంది. నా ఫంక్షన్ అంకె ముగించుకుని ఆ ఖాళీని వెనక్కిస్తే, స్ట్రీమ్ దాన్ని పారేస్తుంది. మొత్తం పాతిక లైన్లు.

“ఇది కుదరదు” అన్నాను.

“ఎందుకు కుదరదు?”

“రాని అక్షరాన్ని వచ్చిందని చెబుతోంది. స్ట్రీమ్ అబద్ధమాడకూడదు.”

“పదేళ్లు డిక్టేషన్ తీసుకున్నా అరా. ఏ లాయరూ ‘వాక్యం అయిపోయింది’ అని చెప్పలేదు. ఆగేవాడు. ఆ ఆగిన చోట నేను చుక్క పెట్టేదాన్ని. నీ ఉత్తరాలు ఆరేళ్లుగా అట్లాగే కొడుతున్నా. అవన్నీ అబద్ధాలేనా?”

“మధ్యలో తీగ ఆగిపోతే? నూట ఎనభై నాలుగు దగ్గర ఆగి, సున్నా ఆలస్యంగా వస్తే?”

“నూట ముప్పై తూకాల్లో రెండు అంకెల మధ్య అరసెకనులో పదోవంతు కూడా పట్టలేదు. ఇదిగో లెక్క. అయినా నూట ఎనభై గ్రాముల బిడ్డ అని తెర మీద వస్తే, పెర్పెటువా నీ కంటే ముందు కేక వేస్తుంది.”

వాదనలో ఓడిన మనిషి చేసే పనే చేశాను, విషయాన్ని పెద్దవాళ్ల దాకా తీసుకెళ్లాను. ఎవరెట్‌కు చెప్పడమంటే మా దగ్గర వారం రోజులు చైనా హోటల్లో వాదించడం. పాతిక లైన్ల సంగతి అన్నం ప్లేట్ల మధ్య సిద్ధాంతమైపోయింది. నిశ్శబ్దం అక్షరమా, కాదా? అయితే అది ఏ రకం అక్షరం? అన్ని పరికరాలకూ, ఇంకా పుట్టని పరికరాలకు కూడా పనికొచ్చేలా నిశ్శబ్దానికి ఒక మర్యాద ఏర్పాటు చెయ్యాలి కదా? ఎవరెట్ కళ్లు మెరిశాయి. హోటలు వాడు బల్ల మీద పరిచిన కాగితం మీద బొమ్మలు గీశాడు. మా జాతి లక్షణం అది. ఒక తలుపు కిర్రుమంటే నూనె చుక్క వెయ్యం, తలుపులన్నిటికీ కొత్త శాస్త్రం రాస్తాం. ఒక్క రోజు లొరైన్ కూడా మాతో వచ్చింది. సూప్ ముట్టుకోలేదు.

“శుక్రవారంతో గడువు అయిపోతుంది, ఎవరెట్. నా పాతిక లైన్లు ఇప్పటికి పెట్టండి. మీ పెద్ద ఏర్పాటు వచ్చాక తీసేద్దాం.”

“ఒకసారి పెడితే ఏదీ తియ్యం, లొరైన్. అది నీకు తెలీదు. సరైంది చేద్దాం. నువ్వే ప్రతిపాదన టైపు చేద్దువుగాని.”

“టైపు చెయ్యాలా?” అంది లొరైన్. ఆ మాట అంత మెల్లగా అన్నదంటే కోపం ఎంత మింగిందో నాకు తెలిసింది. ఎవరెట్‌కు తెలియలేదు. ఆయన అప్పటికే ఇంకో బొమ్మలో ఉన్నాడు.

బుధవారం ఆమె ఆ కాగితాలు నా బల్ల మీద పెట్టి వెళ్లింది. ఇంటికి పోయే వాటర్‌టౌన్ బస్సులో చదివాను. రెండుసార్లు చదివాను. ఎక్కడా వేలు పెట్టే సందు లేదు. వెనక్కి వచ్చిన అక్షరం నిజంగా వచ్చిందా, తను ఇచ్చిన ఖాళీయా అని గుర్తుపెట్టుకునే భాగం నేను రాసినదాని కంటే శుభ్రంగా ఉంది. అది చూసి నాకు సంతోషం కలగాలి. చిరాకు వేసింది. గురువారం సంతకం పెట్టలేదు. “ఎవరెట్ ప్రతిపాదన రానీ” అన్నాను. ఆమె కాగితాలు తీసుకుని వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున వార్డుకు వెళ్లి తన స్ట్రీమ్‌ను తనే ఎక్కించింది. నేను అక్కడ లేను. పెర్పెటువా తర్వాత చెప్పింది. పిల్లను పెట్టి మీట నొక్కి, చెయ్యి తీసేలోపు తెర మీద పదిహేడు వందల తొంభై అని వచ్చిందట. ఇంకో పిల్ల, పదమూడు వందల యాభై. ఆ రోజున్న పద్నాలుగు మందికీ ఎవరి బరువు వాళ్లకే వచ్చింది. “ఏంటమ్మా, ఇన్నాళ్లూ దీన్నెక్కడ దాచావు?” అని పెర్పెటువా ఆమెను పట్టుకుని రెండు చెంపల మీదా ముద్దు పెట్టిందట.

సోమవారం ఎవరెట్‌కు తెలిసింది. ఇద్దర్నీ పిలిచాడు. గొంతు పెంచలేదు. ఆయనకు నిజంగా బాధ కలిగింది, నియమం ఆయన కన్నబిడ్డ లాంటిది.

“ఎవరూ చదవనిది గడప దాటింది. అదీ పసిపిల్లల వార్డుకు.”

“చదివారు. అరా చదివాడు” అంది లొరైన్.

ఎవరెట్ నా వైపు తిరిగాడు. “చదివావా?”

“చదివాను.”

“అందులో తప్పుందా?”

ఇక్కడ నేను అనాల్సింది ఒక్క మాట. లేదు. ఆ మాటతో అంతా సర్దుకునేది. కానీ లేదంటే, మరి సంతకం ఎందుకు పెట్టలేదని అడుగుతాడు. మూడుసార్లు ఎందుకు తిరగరాయించావని అడుగుతాడు. పదకొండేళ్లుగా నీ ఫంక్షన్ అలా కూర్చుంటోందని ఒక సెక్రటరీ వచ్చి చెప్పాలా అని అడుగుతాడు.

“తప్పని కాదు,” అని నీళ్లు నమిలాను. “పద్ధతి నాకు నచ్చలేదు.”

“అంటే సంతకం లేదు.”

“లేదు.”

లొరైన్ నా వైపు చూడలేదు. కిటికీ బయటికి చూసింది. ఆ రోజు పిప్పర్‌మెంటు వాసన గదంతా నిండి ఉంది.

ఎవరెట్ ప్రతిపాదన నలభై పేజీలైంది. తొమ్మిది నెలలు పట్టింది. పూర్తయ్యాక వార్డులో పాతది తీసి కొత్తది పెడతామని వెళ్తే, పెర్పెటువా గుమ్మంలోనే ఆపి, “పనిచేసేదాన్ని ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా” అని పంపించేసింది. లొరైన్ అప్పటికి మా దగ్గర లేదు. కొన్నాళ్లకు మేమూ లేము, కంపెనీయే మూతపడింది. పాతిక లైన్లు మాత్రం ఆ వార్డులో ఇంకో ఆరేళ్లు, పెట్టె అరిగిపోయేదాకా పిల్లల్ని తూచాయి.

కానీ నన్ను ఇప్పటికీ తినేది అది కాదు. ఆ సోమవారం తర్వాత మూడో రోజు, ఎవరెట్ జూన్ పట్టికను చేత్తో రాసి టైపు చెయ్యమని ఇచ్చాడు. ఎవరికి ఇస్తాడు? లొరైన్‌కే. పంతొమ్మిది పేర్లు, ఆమెది లేదు. ఆమె ఒక్క అక్షరం తప్పులేకుండా కొట్టి, కాగితం తీసుకుని నా గదికి వచ్చింది. నా బల్ల మీద పెట్టి, కలం మూత తీసి పక్కన ఉంచింది.

“చదివి సంతకం పెట్టు, అరా. చదవనిది గోడకెక్కకూడదు కదా.”

పంతొమ్మిది పేర్లూ చదివాను. తప్పేమీ లేదు. సంతకం పెట్టాను.